కాన్పు గదిలో తల్లి మాటకు చోటేది?

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆస్పత్రి పేరు వినని తెలుగు కుటుంబం అరుదు. ఆ పేరు వెనుకనున్న దుఃఖం మాత్రం కొద్దిమందికే తెలుసు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండవ కుమారుడు మొఅజ్జం జా భార్య నీలోఫర్. ఆమె వద్ద పనిచేసే రఫత్ ఉన్నిసా అనే యువతి 1949లో కాన్పు సమయంలో కన్నుమూసింది. తల్లి కాలేకపోయిన నీలోఫర్‌ను ఆ మరణం కలచివేసింది. మరో రఫత్ ఇలా చనిపోకూడదన్న ఆమె పట్టుదల నుంచే 1953లో ఆ ఆస్పత్రి వెలిసింది. మహలులో కొలువు చేసే ఒక పేద స్త్రీ ప్రాణానికి విలువ కట్టినందువల్ల లక్షలాది తల్లులకు, బిడ్డలకు ఒక నీడ దొరికింది.

ఆ నాటికీ ఈ నాటికీ పరిస్థితి చాలా మారింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. 2018-20 కాలానికి ప్రతి లక్ష జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45గా నమోదయ్యాయి. అదే కాలంలో దేశ సగటు 97. ఈ విజయం చిన్నది కాదు. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, 108 వాహన సిబ్బంది, ప్రభుత్వ వైద్యులు ఏళ్ల తరబడి పడిన శ్రమ దీని వెనుక ఉంది. దానిని మేము మనస్ఫూర్తిగా గుర్తిస్తున్నాము.

అయితే ఆస్పత్రి గడప దాటించడంతో మన బాధ్యత తీరిందా? గడప లోపల ఆ తల్లిని ఏ పేరుతో పిలుస్తున్నారు, ఏ భాషలో మాట్లాడుతున్నారు, ఆమె దేహానికి ఏం చేస్తున్నారో ఆమెకు చెబుతున్నారా, ఆమె పక్కన ఎవరున్నారు అన్న ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి ఒక చిన్న సాధనం ఉంది. అదే ప్రసవ ప్రణాళిక. మన సమాజంలో పెళ్లికి ఆరు నెలల ముందు నుంచి జాబితాలు రాస్తారు. వలీమాలో వడ్డించే బిర్యానీకి దేగ్‌ల లెక్క రాస్తారు. ఒక ప్రాణం రెండు ప్రాణాలయ్యే ఘడియకు మాత్రం ఒక్క కాగితమైనా రాసుకోము.

ఏమిటీ ప్రణాళిక?

కాన్పు ఎక్కడ, ఎవరి సాయంతో, ఎలా జరగాలని తల్లి కోరుకుంటున్నదో, అనుకోని ఆపద వస్తే ఏం చేయాలో నెలలు నిండకముందే రాసి పెట్టుకునే కాగితమే ప్రసవ ప్రణాళిక. అమెరికాలో ప్రసవ శిక్షకురాలు పెన్నీ సిమ్‌కిన్ వంటివారు 1980 ప్రాంతంలో ఈ ఆలోచనకు ఒక రూపమిచ్చారు. అక్కడి తల్లులు ఆస్పత్రి యంత్రంలో తాము ఒక మరగా మారిపోతున్నామని గ్రహించి, తమ మాటను కాగితం మీద పెట్టారు. మన వంటి దేశాలలో దీనికి మరో పార్శ్వం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ప్రసవ సంసిద్ధత అంటుంది. ప్రయాణం, డబ్బు, రక్తం, తోడు, ఆపద గుర్తులు ఇందులోకి వస్తాయి. మొదటిది గౌరవానికి సంబంధించినది, రెండవది ప్రాణానికి సంబంధించినది. మన తల్లులకు ఈ రెండూ కావాలి. ప్రాణం నిలిపాము కదా, గౌరవం దేనికి అని అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఇది చదువుకున్నవారి, కలవారి విలాసమని కొందరు కొట్టివేస్తారు. వాస్తవం ఇందుకు విరుద్ధం. కలిగిన ఇంటి కోడలికి తెలిసిన డాక్టరు ఉంటుంది, ఫోను చేస్తే పలికే బంధువు ఉంటాడు, విడి గది ఉంటుంది. ఆమె నోరు తెరవకపోయినా నడిచిపోతుంది. బీడీలు చుట్టే తల్లికి, గాజులకు రాళ్లు అతికే తల్లికి, ఆటో నడిపే వాని భార్యకు అవేవీ లేవు. ఆమె తరఫున మాట్లాడడానికి చేతిలో ఉన్న కాగితం తప్ప మరో దిక్కు లేదు. కనుక ప్రణాళిక అవసరం ముందుగా పేదలకే.

మూడు ఆలస్యాలు

తల్లుల మరణాలను అధ్యయనం చేసిన థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో ఒక సులభమైన సూత్రం చెప్పారు. మూడు ఆలస్యాలు తల్లి ప్రాణం తీస్తాయి. ఆస్పత్రికి పోవాలని ఇంట్లో నిర్ణయించడంలో ఆలస్యం మొదటిది. ఆస్పత్రికి చేరడంలో ఆలస్యం రెండవది. చేరిన తర్వాత వైద్యం అందడంలో ఆలస్యం మూడవది. మన ఇళ్లలో ఈ మూడూ ఎలా జరుగుతాయో ఒకసారి నిదానంగా ఆలోచించాలి.

మా దృష్టికి వచ్చిన ఒక సంగతి చెబుతాము. రాయలసీమలోని ఒక పట్టణం. భర్త కువైట్‌లో డ్రైవరు. ఎనిమిదో నెలలో ఆమెకు తలనొప్పి మొదలైంది. కళ్ల ముందు చుక్కలు కనబడుతున్నాయని అత్తతో చెప్పింది. ఎండకు వచ్చిందిలే, పడుకో అన్నారు. మరునాటి సాయంత్రానికి ముఖం, చేతులు ఉబ్బాయి. ఆస్పత్రికి తీసుకుపోదామంటే మామగారు మస్జిద్ నుంచి రావాలి, ఆయన వచ్చాక కొడుకును అడగాలి, కొడుకు ఫోను డ్యూటీలో ఎత్తడు. మూడు గంటలు గడిచాయి. ఆస్పత్రికి చేరాక శస్త్రచికిత్సకు భర్త సంతకం కావాలన్నారు. మళ్లీ కువైట్‌కు ఫోను. మరో గంట. ఆ తల్లి ఫిట్స్‌తో ఆపరేషన్ బల్ల ఎక్కింది. అల్లా దయ, వైద్యుల నేర్పు వల్ల తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు. అత్తకు కోడలంటే ప్రేమే. మామ మంచి మనిషి. భర్త ఆ రాత్రి ఫోను పట్టుకుని ఏడ్చాడు. అయినా బిడ్డ పోయింది. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖమూ చేతులూ ఉబ్బడం రక్తపోటు ప్రమాద స్థాయికి చేరిందనడానికి గుర్తులని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆపద వేళ ఎవరు నిర్ణయించాలో ముందుగా అనుకోలేదు. ఆ రెండు విషయాలు ఒక కాగితం మీద ఉండి ఉంటే నాలుగు గంటలు మిగిలేవి.

అందుకే ప్రణాళికలో మొదటి పేజీ ఆపద గుర్తులకు కేటాయించాలి. ఏ నెలలోనైనా రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, ఫిట్స్, విడవని జ్వరం, బిడ్డ కదలికలు తగ్గడం, పైన చెప్పిన తలనొప్పి, వాపులు కనిపిస్తే ఎవరినీ అడగనక్కరలేదు. ఇంట్లో ఉన్న ఎవరైనా సరే, పక్కింటి ఖాలా అయినా సరే, వెంటనే 108కు ఫోను చేయాలి. ఈ మాట ఇంటిల్లిపాది ముందు కూర్చుని ఒప్పుకుని రాసుకోవాలి. రెండో పేజీలో ఏ ఆస్పత్రికి పోవాలో, అక్కడ శస్త్రచికిత్స వసతి, రక్తనిధి ఉన్నాయో లేదో, లేకపోతే తర్వాతి ఆస్పత్రి ఏదో, రాత్రివేళ వాహనం ఎవరిదో రాయాలి. తల్లి రక్త వర్గం, అదే వర్గం కలిగి రక్తమివ్వడానికి ఒప్పుకున్న ఇద్దరి ఫోను నంబర్లు ఉండాలి. కాన్పు తర్వాత అధిక రక్తస్రావం మన దేశంలో తల్లుల మరణాలకు ప్రధాన కారణం. ఆ వేళ రక్తం కోసం వాట్సాప్ సందేశాలు పంపుతూ కూర్చోవడానికి సమయముండదు. తల్లిది నెగెటివ్ వర్గమై, బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల లోపల యాంటీ-డి సూది మందు వేయించాలి. ఇది మరిచిపోతే దెబ్బ తర్వాతి బిడ్డ మీద పడుతుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పుకు, సిజేరియన్‌కు, మందులకు, పరీక్షలకు, రక్తానికి పైసా చెల్లించనక్కరలేదు. మామూలు కాన్పయితే మూడు రోజులు, సిజేరియన్ అయితే ఏడు రోజుల వరకు తల్లికి భోజనం ఉచితం. ప్రతి నెల 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు డాక్టరు చేత ఉచిత పరీక్షలు జరుగుతాయి. ఈ హక్కులు తెలియక మన వాళ్లు వడ్డీకి అప్పు తెచ్చి, నగలు తాకట్టుపెట్టి ప్రైవేటు ఆస్పత్రుల మెట్లెక్కుతున్నారు.

సంతకం ఎవరిది?

పై ఉదంతంలో భర్త సంతకం కోసం ఒక గంట పోయింది. అసలు ఆ సంతకం అవసరమా? పెద్దవయసు వచ్చి, తెలివిలో ఉన్న స్త్రీ తన దేహానికి చేసే చికిత్సకు తానే సమ్మతి ఇవ్వగలదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది. ఆ కేసులో రోగి మత్తులో ఉండగా ఆమె తల్లి వద్ద సమ్మతి తీసుకుని గర్భసంచి తొలగించారు. అత్యవసరం కానప్పుడు, రోగి స్వయంగా చెప్పగల స్థితిలోకి వచ్చే వీలున్నప్పుడు మరొకరి సమ్మతి చెల్లదని న్యాయస్థానం తేల్చింది. చికిత్స ఏమిటి, దానివల్ల లాభనష్టాలేమిటి, వేరే దారి ఉందా అన్నవి తెలిపిన తర్వాత తీసుకున్నదే సమ్మతి అని వివరించింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరి సంతకం కోసమూ వైద్యం ఆగకూడదు. గల్ఫ్‌లో భర్తలున్న వేలాది ఇళ్లలో, జగిత్యాల నుంచి రాయచోటి దాకా, ఈ సంగతి తెలియవలసి ఉంది. భర్త అభిప్రాయం తెలుసుకోవడం సంసారంలో మర్యాద. దానికోసం తల్లి ప్రాణాన్ని వేలాడదీయడం మర్యాద కాదు. ఏ పరిస్థితిలో ఏం చేయాలో భార్యాభర్తలు ఏడో నెలలోనే ఫోనులో మాట్లాడుకుని ప్రణాళికలో రాసుకుంటే ఆ మర్యాదా దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది.

సమ్మతికి భాషతో ముడి ఉంది. పాతబస్తీలోనూ, కర్నూలు, కడప, నిజామాబాద్ పట్టణాల్లోనూ ఎందరో తల్లులు ఉర్దూ మాత్రమే చదవగలరు. మరెందరో ఏ లిపీ చదవలేరు. తెలంగాణలో 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022లో ఆ మేరకు చట్టం వచ్చింది. కాగితం మీద హోదా పొందిన ఆ భాష కాన్పు గదిలోకి వచ్చినప్పుడే దానికి అర్థం. నొప్పులతో మెలికలు తిరిగే స్త్రీ ముందు ఆంగ్లంలో అచ్చయిన పత్రం పెట్టి, ఇక్కడ వేలిముద్ర వేయమ్మా అంటే దానిని సమ్మతి అనగలమా? సమ్మతి పత్రాలు తెలుగు, ఉర్దూ భాషలలో ఉండాలని, చదవలేని వారికి చదివి వినిపించాలని మేము కోరడం దయ కోసం కాదు. అది చట్టం ఇచ్చిన మాట.

మరో సున్నితమైన విషయం కూడా చెప్పక తప్పదు. కాన్పు బల్ల మీదనే కాపర్-టి అమర్చడం, సిజేరియన్‌తో పాటే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయడం వైద్యపరంగా ఆమోదం పొందిన పద్ధతులే. అవి కావాలనుకునే స్త్రీకి అందుబాటులో ఉండాలి. అడగకుండా, చెప్పకుండా చేస్తే మాత్రం అవి దేహం మీద జరిగిన దౌర్జన్యమవుతాయి. మీ వాళ్లు ఆపరు కదా అన్న ఎత్తిపొడుపుతో కలిపి ఒత్తిడి చేస్తే అది దౌర్జన్యానికి అవమానం తోడవడమే. అదే సమయంలో మరో మాట కూడా అంటాము. ఇక పిల్లలు వద్దనుకున్న స్త్రీ ఆ శస్త్రచికిత్సకు సిద్ధపడితే భర్త సమ్మతి చట్టప్రకారం అవసరం లేదు. ఆస్పత్రి ఒత్తిడి నుంచి ఆమెను కాపాడతామని చెప్పే మనం ఇంటి ఒత్తిడికి ఆమెను అప్పగించకూడదు. కావాలో వద్దో ఆమె ముందే ఆలోచించి, ఆ మాటను ప్రణాళికలో రాసి, సిబ్బందికి చూపించడమే రెండు ఒత్తిళ్లకూ మందు.

పక్కన ఒక మనిషి

కాన్పు గదిలో తల్లికి తోడుగా ఆమె ఎంచుకున్న మనిషి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలలో సిఫారసు చేసింది. అంతకు రెండేళ్ల ముందే, 2016లో, ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు తోడును అనుమతిస్తూ కేంద్ర ఆరోగ్య శాఖ నిర్ణయం తీసుకుంది. 2017 డిసెంబరులో లేబర్ రూముల నాణ్యత పెంచేందుకు మొదలైన లక్ష్య కార్యక్రమం, 2019లో వచ్చిన సుమన్ కార్యక్రమం కూడా గౌరవప్రదమైన వైద్యం తల్లి హక్కు అంటున్నాయి. ఇన్ని ఉత్తర్వులున్నా ఎన్నో చోట్ల నేటికీ లేబర్ రూము తలుపు దగ్గర తల్లినీ బిడ్డనూ కన్నవారినీ విడదీస్తున్నారు. లోపల పడక పక్కన పడక, మధ్యన పరదా లేదు. అరిస్తే కసురు. ఆ మాటలు ఇక్కడ రాయడానికి మా కలం సిగ్గుపడుతున్నది. కులమేదైనా మతమేదైనా పేద తల్లులందరూ ఈ మాటలు పడుతున్నారు. బుర్ఖాతో వచ్చినామెకు, పేరు విని మొహం చిట్లించే చోట, ఇంకో రెండు మాటలు అదనం. 2021లో ఆక్స్‌ఫామ్ ఇండియా ప్రకటించిన సర్వేలో ముస్లింలలో 33 శాతం మంది ఆస్పత్రుల్లో మతం కారణంగా వివక్ష ఎదురైందని చెప్పారు. ముగ్గురిలో ఒకరన్నమాట.

పరదా విషయంలో స్పష్టత అవసరం. ముస్లిం స్త్రీ గోప్యత కోరితే అది మత ఛాందసమని, వైద్యానికి అడ్డమని కొందరు తీర్పులిస్తారు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం చదివితే ఆ తీర్పు నిలవదు. పురుష వైద్యుడు స్త్రీని పరీక్షించేటప్పుడు మరో స్త్రీ అక్కడ ఉండాలని, గోప్యత, మానవ గౌరవం ప్రతి రోగి హక్కులని, మతం పేర వివక్ష కూడదని ఆ పత్రం చెబుతుంది. పడకల మధ్య తెర, పరీక్ష వేళ ఒంటిమీద దుప్పటి, వైద్య విద్యార్థుల గుంపును పిలిచే ముందు ఒక్కమాట అడగడం, ఇవి హిందూ తల్లికీ క్రైస్తవ తల్లికీ కూడా కావలసినవే. మనం అడిగితే అందరికీ దొరుకుతాయి. ఇదే సమయంలో మన వాళ్లకు ఒక మాట చెప్పాలి. స్త్రీ వైద్యురాలు కావాలని కోరుకోవడం మన హక్కు. అర్ధరాత్రి ఆపదలో ఉన్నది పురుష వైద్యుడొక్కడే అయితే ప్రాణం కాపాడే ఆ చేతిని అడ్డుకునే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది మన ధర్మశాస్త్రం అంగీకరించిన సూత్రమే. ఈ వాక్యాన్ని కూడా ప్రణాళికలో రాయాలి.

ఆస్పత్రిలోనే మరికొన్ని విషయాలు అడగవచ్చు. నొప్పుల వేళ నడవడం, కూర్చోవడం, మంచినీళ్లు తాగడం ఇబ్బంది లేని కాన్పులలో మంచివేనని 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రతి తల్లికీ అలవాటుగా కోత పెట్టడం, ఎనిమా ఇవ్వడం, వెంట్రుకలు తీయడం, బిడ్డ రావాలని పొట్ట మీద అదమడం వద్దంటున్నాయి. బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి కత్తిరించమంటున్నాయి. పుట్టిన బిడ్డను తల్లి గుండెల మీద పెట్టమంటున్నాయి. ఇవేవీ డబ్బుతో కొనేవి కావు. అడిగితే దొరికేవి, తెలియక పోగొట్టుకుంటున్నవి. 2017లో కరీంనగర్ ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టి తెలంగాణ దేశానికి దారి చూపింది. తల్లితో ఓపికగా మాట్లాడి, సహజంగా కాన్పు చేయించగల అటువంటి నర్సులు ప్రతి ప్రసూతి ఆస్పత్రిలో ఉండాలన్నది మా కోరిక.

కత్తి ఎప్పుడు, ఎందుకు?

తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఆ సంఖ్య 81.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4, ప్రైవేటులో 63. దేశ సగటు 21.5. ఇవి 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు. జనాభా మొత్తంమీద సిజేరియన్లు పది శాతం దాటిన తర్వాత వాటివల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. అంటే మన రెండు రాష్ట్రాలలో అవసరం లేని కోతలు పెద్ద సంఖ్యలో జరుగుతున్నాయి. ప్రైవేటు లాభం, వైద్యుల తీరిక లేమి, ముహూర్తాల మోజు, నొప్పుల భయం, మొదటి కాన్పు కోత అయితే రెండవదీ కోతేనన్న అలవాటు, ఇవన్నీ ఇందులో కలిసి ఉన్నాయి.

ఈ లెక్కలు చూపి సిజేరియన్ అంటేనే భయపెట్టడం మా ఉద్దేశం కాదు. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డుపడినప్పుడు, బిడ్డ గుండె తడబడినప్పుడు ఆ కత్తే ప్రాణదాత. పెద్దాపరేషన్ వద్దు, సంతానం తగ్గిపోతుంది అని ఆలస్యం చేసి తల్లులను పోగొట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. కాబట్టి ప్రణాళికలో సిజేరియన్ వద్దు అని రాయడం అవివేకం. ఎందుకు చేస్తున్నారో నాకు అర్థమయ్యే భాషలో చెప్పండి, ఆగడానికి సమయముంటే ఆగండి, లేకుంటే వెంటనే చేయండి అని రాయడమే వివేకం. ప్రణాళిక మొండిపట్టు కాదు. కాన్పు ఎప్పుడు ఏ మలుపు తిరుగుతుందో వైద్యులకైనా ముందుగా తెలియదు. మలుపులో కూడా తల్లి మాట వినిపించాలన్నదే దాని ప్రయోజనం.

మన ఇంటి మాట

తప్పులన్నీ ఆస్పత్రి మీద వేసి చేతులు కడుక్కోవడం న్యాయం కాదు. అంతా అల్లా చేతిలో ఉంది, ప్రణాళికలెందుకు అనేవారు మనలో ఉన్నారు. ఒంటెను కట్టివేసిన తర్వాతే దైవం మీద భారం వేయాలన్న బోధను చిన్ననాటి నుంచి వింటున్న సమాజం మనది. మార్గం వెతకడం విశ్వాసంలో భాగం. మర్యం అలైహిస్సలాం నొప్పులు పడిన వేళ ఖర్జూర వృక్షం, పారే నీరు ఆమెకు ఏర్పాటై ఉన్నాయని ఖురాన్ తెలుపుతుంది. నొప్పులు పడే స్త్రీకి ఆహారం, నీరు, ఓదార్పు అందాలన్న పాఠం అందులో ఉంది. దానిని మనం కథగా విని వదిలేశాము.

రంజాన్ నెల గర్భిణికి వచ్చినప్పుడు ఉపవాసం విషయంలో మినహాయింపు ఉంది. రక్తహీనత, మధుమేహం, రక్తపోటు ఉన్న తల్లి ఆ మినహాయింపు వాడుకోవాలని డాక్టరు చెబితే, ఇంట్లో ఎవరూ ఆమెను ఓర చూపు చూడరాదు. మన రాష్ట్రాలలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారన్నది మరువరాదు. బిడ్డ పుట్టగానే తేనె, ఘుట్టీ నాకించే ఆచారం ఎన్నో ఇళ్లలో ఉంది. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదమని వైద్యం చెబుతున్నది. మొదటి గంటలో ముర్రుపాలే బిడ్డకు మొదటి విందు. చెవిలో అజాన్ పలకడానికి, నాన్నో తాతో ఒక నిమిషం లోపలికి రావడానికి సిబ్బందిని ముందే అడిగి, ఆ కోరికను ప్రణాళికలో రాసుకుంటే ఆ ఘడియలో వాదనలుండవు. ఒకవేళ బిడ్డ చనిపోయి పుడితే, దేహాన్ని తమకు అప్పగించాలని, తామే ఖననం చేసుకుంటామని కూడా రాసుకోవచ్చు. ఆ వాక్యం రాయడానికి చేయి వణుకుతుంది. రాయకపోతే తర్వాత జీవితకాలం మనసు వణుకుతుంది.

పేరు, పత్రం

ఈ పత్రిక పాఠకులకు పత్రాల విలువ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలైంది. ఆ తేదీ తర్వాత పుట్టిన వారికి బడిలో చేరడానికి, ఓటరుగా నమోదుకు, పాస్‌పోర్టుకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి, స్థలానికి ఆధారం. అటువంటి పత్రంలో తల్లి పేరు ఒక చోట బేగం, మరో చోట బీ, ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, తల్లీబిడ్డల కార్డులో మరొకటి ఉంటే ఇరవై ఏళ్ల తర్వాత ఆ బిడ్డ కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది. మన పేర్లు ఉర్దూ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఆంగ్లంలోకి మారేటప్పుడు ప్రతి మలుపులో ఒక అక్షరం జారిపోతుంది. అందుచేత ప్రణాళిక చివరి పేజీలో తల్లి పేరు, తండ్రి పేరు, చిరునామా ఆధార్‌లో ఉన్నట్టే పెద్ద అక్షరాలలో రాసి, నమోదు చేసే గుమస్తాకు ఆ కాగితమే చూపాలి. జననాన్ని 21 రోజుల లోపల ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు. అఖీఖా దాకా పేరు ఖాయం కాకపోయినా నమోదు ఆపనక్కరలేదు. పేరును 12 నెలల లోపల రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు.

ఎవరేం చేయాలి?

ప్రభుత్వాలను మేము కోరేవి కొత్త పథకాలు కావు, ఉన్న ఉత్తర్వుల అమలు. ప్రతి లేబర్ రూములో పడకల మధ్య తెరలు, కాన్పు తోడుకు అనుమతి, తెలుగు, ఉర్దూలలో సమ్మతి పత్రాలు, గోడ మీద రోగుల హక్కుల పట్టిక, ఫిర్యాదు చేస్తే వినే ఒక అధికారి పేరు ఉండాలి. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులోనే ఒక పేజీ తల్లి కోరికల కోసం కేటాయిస్తే ఖర్చు ఏముంటుంది?

మస్జిద్ కమిటీలను మేము కోరేది కూడా చిన్నదే. ఏడాదిలో రెండు జుమాలలో ఖుత్బా తర్వాత ఐదు నిమిషాలు ఆపద గుర్తుల గురించి మగవారికి చెప్పండి. నిర్ణయాలు చేసేది వారే కాబట్టి వినవలసింది కూడా వారే. బస్తీలో రక్తదాతల జాబితా మస్జిద్ గోడ మీద అతికించండి. చదువుకున్న ఆడపిల్లలు తమ వీధిలోని గర్భిణుల ఇంటికి పోయి, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని, వారి చేత ఈ నాలుగు పేజీలు రాయించాలి. రాయలేని తల్లి చెబుతుంటే వీరు రాయాలి. ఆమె మాటలను దిద్దకూడదు.

రఫత్ ఉన్నిసా ఏమి కోరుకున్నదో చరిత్రలో ఎక్కడా లేదు. ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె పేరున ఒక ఆస్పత్రి వెలిసే దాకా ఆమె గొంతు ఎవరికీ వినిపించలేదు, ఆ ఆస్పత్రికి పెట్టిన పేరు కూడా ఆమెది కాదు. నేడు మన ఇళ్లలో ఏడో నెల, ఎనిమిదో నెల నడుస్తున్న తల్లులు ఉన్నారు. ఈ రాత్రి ఇషా నమాజు తర్వాత ఒక కాగితం, ఒక కలం తీసుకుని వారి పక్కన కూర్చుని, నీకేం కావాలమ్మా అని అడుగుదాము. ఆమె చెప్పడం పూర్తయ్యే దాకా మధ్యలో మాట్లాడకుండా విందాము.